గొర్రెల ఆకలి: ప్రవర్తనను బట్టి సంక్షేమ అంచనా

మేత, నెమరు, నడక, పడక, చెవుల వాటం, మందలో నిలిచే చోటు. వీటిని గమనించి గొర్రె ఆకలితో ఉందా, తృప్తిగా ఉందా, జబ్బుపడిందా అని తేల్చే పద్ధతులు పశు సంక్షేమ శాస్త్రంలో ఒక ముఖ్యమైన భాగం. పశుపోషణ, పశువైద్యం, జంతు ప్రవర్తన శాస్త్రం ఇక్కడ కలుస్తాయి. కోడి, పంది, పాడి ఆవు మీద జరిగినంత పరిశోధన గొర్రె మీద చాలాకాలం జరగలేదు. ఆరుబయట తిరిగే జీవం కాబట్టి దానికేం లోటు ఉంటుందన్న నమ్మకం అందుకు ఒక కారణం. ఆ నమ్మకం సరైంది కాదు. బోనులోని కోడికి ఇతర బాధలు ఎన్ని ఉన్నా వేళకు మేత అందుతుంది. బీడులో స్వేచ్ఛగా తిరిగే గొర్రె వేసవంతా అర్ధాకలితో గడపవచ్చు.

మరో చిక్కు గొర్రె స్వభావంలోనే ఉంది. ఇది తోడేళ్లు, కుక్కలు, చిరుతలు వేటాడే జంతువు. నీరసంగా కనిపించిన జీవం మీదే వేటగాడి కన్ను పడుతుంది కనుక నొప్పిని, బలహీనతను వీలైనంత వరకు పైకి తేలనివ్వదు. కొత్త మనిషి దగ్గరికి వస్తే మరీ దాచుకుంటుంది. అరవకుండా నిలబడ్డ గొర్రె సుఖంగా ఉందని అనుకోవడానికి లేదు.

భావన ఎలా ఏర్పడింది

బ్రిటన్‌లో రూత్ హారిసన్ 1964లో ప్రచురించిన 'యానిమల్ మెషీన్స్' పుస్తకం పారిశ్రామిక పశుపోషణ మీద పెద్ద చర్చ లేపింది. దాని ఫలితంగా ఏర్పడ్డ బ్రాంబెల్ కమిటీ 1965లో నివేదిక ఇచ్చింది. 1979లో అక్కడి వ్యవసాయ పశు సంక్షేమ మండలి 'ఐదు స్వేచ్ఛలు' అనే సూత్రాలను ముందుకు తెచ్చింది. వాటిలో మొదటిది ఆకలిదప్పుల నుంచి విముక్తి. న్యూజిలాండ్‌కు చెందిన డేవిడ్ మెల్లర్, రీడ్‌తో కలిసి 1994లో 'ఐదు రంగాల' నమూనాను ప్రతిపాదించాడు. పోషణ, పరిసరాలు, ఆరోగ్యం, ప్రవర్తన అనే నాలుగింటి ప్రభావం చివరకు ఐదోదైన మానసిక స్థితి మీద పడుతుందని అది చెబుతుంది.

ఈ రెండో నమూనాయే నిజానికి దగ్గరగా ఉంది. ఆకలి నుంచి పూర్తి విముక్తి ఏ జీవికీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. మేతకు ముందు ఆకలి వేయడం ఆరోగ్య లక్షణం. ఆకలి తీర్చుకునే దారి లేకపోవడం, అది రోజుల తరబడి సాగడం, దాన్నుంచి నీరసం, భయం, పోట్లాట పుట్టడం: సంక్షేమ సమస్య ఇక్కడ మొదలవుతుంది. కాబట్టి అసలు అడగాల్సింది గొర్రెకు ఆకలి వేస్తోందా అని కాదు, ఆ ఆకలి ఎంత తీవ్రం, ఎంతకాలంగా ఉంది అని.

కడుపు నిండినా తీరని ఆకలి

నాలుగు గదుల కడుపున్న జంతువులో ఆకలి మనిషి ఆకలిలా ఉండదు. మొదటి పెద్ద గదిలో మేత ఒక రోజుకు పైగా నిలవ ఉంటుంది. అక్కడి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంటే, ఆ ఆమ్లాలే గొర్రెకు ప్రధాన శక్తి. ఒక పూట మేత తప్పినంత మాత్రాన శక్తి సరఫరా ఒక్కసారిగా ఆగదు. అందుకే గొర్రె ఆకలి నెమ్మదిగా పెరుగుతుంది, బయటపడేసరికి ఆలస్యమవుతుంది.

మరో సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. కడుపు నిండుగా ఉండి కూడా గొర్రె పస్తు ఉండవచ్చు. ఎండిన గడ్డిలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులకు నత్రజని చాలదు, పీచు అరగడం మందగిస్తుంది. అరగని గడ్డి కడుపులో పేరుకుపోయి చోటు ఆక్రమిస్తుంది, కొత్త మేత లోపలికి వెళ్లదు. డొక్క నిండుగా కనిపిస్తుంది, ఒళ్లు మాత్రం రోజురోజుకూ కరిగిపోతుంది. ఎండాకాలంలో దక్కను పీఠభూమి మందల్లో కనబడే దృశ్యం ఇదే. పొట్ట చూసి తృప్తిపడే కాపరిని, అధికారిని కూడా ఇది మోసం చేస్తుంది.

రక్త పరీక్షలు కొంత సాయపడతాయి. పస్తున్న గొర్రె రక్తంలో కరిగిన కొవ్వు నుంచి వచ్చే ఆమ్లాలు, కీటోన్లు పెరుగుతాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను మీద జపాన్‌లో సుగినో బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ఆసక్తికరమైనది. వేళ ప్రకారం మేత వేసే గొర్రెల్లో మేత రావడానికి కాస్త ముందు ఆ హార్మోను ఒక్కసారిగా పెరిగి, తిన్నాక తగ్గింది. తొట్టి చప్పుడు వినగానే అరిచి తోసుకొచ్చే గొర్రెలు ఎప్పుడూ పస్తున్నట్టు కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. అలవాటైన వేళ కూడా ఆకలిని పిలుస్తుంది. పగటి కాలం తగ్గే శీతాకాలంలో సోయే వంటి ప్రాచీన జాతుల ఆకలి దానంతట అదే మందగిస్తుంది. మేత తగ్గించిన ప్రతి గొర్రే జబ్బుపడిందని అనుకోవడం కూడా పొరపాటే.

మేత వేళలు చెప్పే కథ

ప్రవర్తనలో సులువుగా కొలవగలిగేది మేత సమయం. మంచి పచ్చికలో గొర్రె రోజుకు సుమారు 8 నుంచి 10 గంటలు మేస్తుంది. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ మేత జోరు ఎక్కువ. మిగతా సమయంలో చాలా భాగం పడుకుని నెమరు వేస్తుంది. గడ్డి పొట్టిగా, పలచగా ఉంటే ఒక్కో కొరుకులో అందేది తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గొర్రె కొరుకుల వేగం పెంచుతుంది, మేత సమయాన్ని 12 గంటల దాకా, ఒక్కోసారి అంతకు మించి పొడిగిస్తుంది. కానీ దీనికి హద్దు ఉంది. నెమరుకు, విశ్రాంతికి సమయం కావాలి. ఆ హద్దు దాటాక ఎంత మేసినా తినేది తగ్గిపోతుంటుంది.

అందువల్ల మండుటెండలో మిగతావి నీడ పట్టినా తల ఎత్తకుండా మేస్తున్న గొర్రె ఒక హెచ్చరిక. మామూలుగా ముట్టని మొక్కలు కొరకడం, కంచె కిందినుంచి మెడ చాచడం, మట్టి, ఎముకలు, తోటి గొర్రెల ఉన్ని నమలడం కూడా అలాంటివే. ఎముకలు నమలడం వెనుక భాస్వరం లోపం, ఉన్ని కొరకడం వెనుక ఇరుకు దొడ్డి, పీచు తక్కువైన దాణా తరచు ఉంటాయి. ఆకలి మీద ఉన్న మంద లేత జొన్న పిలకల మీద పడితే సైనైడు విషంతో చచ్చిపోతుంది. కరువు ఏడాది ఇలా పోయిన జీవాలకు విషం అంతిమ కారణమే గానీ, వాటిని ఆ చేలోకి తోసింది ఆకలి.

ఏది మామూలు, ఏది కాదు అన్నది ఆ మందను బట్టే తేల్చాలి. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లోని నార్త్ రొనాల్డ్సే గొర్రెలు ఇందుకు సాక్ష్యం. 1832లో దీవి చుట్టూ రాతిగోడ కట్టి వాటిని సముద్రతీరానికి పరిమితం చేశారు. అప్పటినుంచి వాటి ప్రధాన ఆహారం సముద్రపు నాచు. అవి మేసేది పొద్దును బట్టి కాదు, ఆటుపోట్లను బట్టి. ఆటు వేళ నాచు బయటపడితే మేస్తాయి, పోటు వచ్చినప్పుడు నెమరు వేస్తాయి. నట్టనడిరాత్రి మేస్తున్న ఆ గొర్రెను సాధారణ కొలమానంతో చూస్తే ఆకలితో అల్లాడుతోందని రాసుకోవాల్సి వస్తుంది.

ఎంత కష్టానికి ఓరుస్తుంది

ఆకలి తీవ్రతను కొలవడానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్న సూటి మార్గం గొర్రె చేతనే సమాధానం చెప్పించడం. ఒక గుప్పెడు దాణా కోసం అది ఎంత దూరం నడుస్తుంది, ఎన్నిసార్లు మీట నొక్కుతుంది అని చూస్తారు. ప్రతిసారీ కష్టం కొంచెం పెంచుతారు. ఎక్కడ మానుకుంటుందో అదే దాని ఆకలి విలువ. జంతువు కోరికను ఇలా 'చెల్లించే ధర'తో కొలిచే ఆలోచనకు మరియన్ డాకిన్స్ కోళ్ల మీద చేసిన పరిశోధనలు బలమిచ్చాయి. గొర్రెల విషయంలో 1990ల చివర స్కాట్లండ్‌లో జాక్సన్, వారన్, కాక్రమ్ మేత మీది ఆసక్తిని కొలిచే పద్ధతులను పోల్చి చూశారు. 2010 తర్వాత న్యూజిలాండ్‌లో వెర్బీక్ బృందం గొర్రెలు మేత కోసం నడిచే దూరాన్ని పెంచుతూ పోయి పరీక్షించింది. మేత తగ్గించిన గొర్రెలు ఎక్కువ ధర చెల్లించడానికి సిద్ధపడ్డాయి. చూడి గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో ఈ బృందం ప్రవర్తనతో పాటు రక్తంలోని మార్పులను కూడా లెక్కలోకి తీసుకుంది.

ప్రవర్తన పరీక్షల్లో నమ్మదగినది ఇదేనని చెప్పవచ్చు. మనిషి ఊహకు ఇందులో చోటు తక్కువ. కాకపోతే దీనికి శిక్షణ, స్థలం, సమయం కావాలి. ఒంటరిగా నడిపిస్తే మందను విడిచిన భయం ఆకలిని మింగేస్తుంది. కుంటి గొర్రె నడవలేక ఆగిపోతే ఆకలి లేనట్టు లెక్కలో పడుతుంది.

మనోస్థితిని పట్టుకోవడానికి మరో పరీక్ష ఉంది. ఒక మూల బకెట్ పెడితే మేత దొరుకుతుందని, మరో మూలకు వెళితే కుక్క ఎదురుపడుతుందని నేర్పిస్తారు. ఆ తర్వాత బకెట్‌ను రెండింటికీ మధ్యన పెడతారు. ఆశతో ముందుకు వెళుతుందా, భయంతో ఆగిపోతుందా అన్నది దాని లోపలి స్థితికి అద్దం పడుతుందని భావన. ఆస్ట్రేలియాలో రెబెకా డోయల్ బృందం 2010లో ప్రచురించిన ఫలితం పరిశోధకులను ఆలోచనలో పడేసింది. బంధించి, ఒంటరిగా ఉంచి, ఆ తర్వాత వదిలిన గొర్రెలు మిగతావాటికన్నా ఎక్కువ ఆశాభావం చూపాయి. కష్టం నుంచి బయటపడ్డ ఊరటే వాటిని అలా నడిపించి ఉండవచ్చు. ఏ ఒక్క పరీక్షనూ విడిగా నమ్మరాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ముఖం, చెవి, మంద

గొర్రెలన్నీ ఒకేలా ఉంటాయని మనుషులు అనుకుంటారు. గొర్రెలకు మాత్రం తోటి గొర్రెల ముఖాలు విడివిడిగా తెలుసు. కేంబ్రిడ్జ్ సమీపంలోని బాబ్రహాం సంస్థలో కీత్ కెండ్రిక్ బృందం 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం గొర్రె 50 గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుంచుకోగలదు. ముఖం వాటికి అంత ముఖ్యమైనప్పుడు, ఆ ముఖంలో బాధ జాడ ఉండి తీరాలి. 2016లో క్రిస్టా మెక్లెన్నన్ బృందం గొర్రె నొప్పిని ముఖకవళికలతో కొలిచే పట్టికను రూపొందించింది. కళ్లు ముడుచుకోవడం, చెంపలు బిగుసుకోవడం, చెవుల వాటం, పెదవి–దవడ ఆకారం, ముక్కుపుటాల తీరు అనే ఐదింటిని చూసి మార్కులు వేస్తారు. గిట్టల కుళ్లు, పొదుగువాపు ఉన్న గొర్రెల మీద దీన్ని పరీక్షించారు.

చెవుల భాష మీద స్విట్జర్లాండ్‌లో రీఫ్మన్, ఫ్రాన్స్‌లో బ్వాసీ బృందాలు పనిచేశాయి. నింపాదిగా ఉన్న గొర్రె చెవులు పక్కలకు వదులుగా వాలి ఉంటాయి. భయం, నిస్సహాయత ఉన్నప్పుడు వెనక్కి మళ్లుతాయి. ఒక చెవి ఒకవైపు, ఇంకోటి మరోవైపు తిరిగి ఉంటే, చెవులు పదేపదే స్థానం మారుతుంటే అలజడి ఉన్నట్టు.

ఇన్ని సూక్ష్మాలకన్నా కాపరికి ఉపయోగపడేది మందలో గొర్రె స్థానం. గుంపుగా బతికే జీవం గుంపును విడిచిందంటే ఏదో జరిగింది. అందరికన్నా వెనక నడవడం, మేతకు పోకుండా తల దించుకుని నిలబడటం, మనిషి దగ్గరికి వచ్చినా లేవకపోవడం: ఇవి ముందుగా కనిపించే గుర్తులు. తొట్టి దగ్గర ఆకలి అందరికీ సమంగా తీరదు. బలమైనవి తోసుకుని తింటే, ముసలివి, లేతవి, కుంటివి వెనకబడతాయి. పెద్ద గొర్రెకు తొట్టి దగ్గర సుమారు 45 సెంటీమీటర్ల చోటు ఉండాలని బ్రిటన్‌లో సూచిస్తారు. మొత్తం మందకు సరిపడా దాణా వేశామన్న లెక్క, చివరి గొర్రె నోటికి అందిందన్న హామీ కాదు.

స్కాట్లండ్‌లో ఫ్రాన్స్వాజ్ వెమెల్స్‌ఫెల్డర్ ఈ గమనింపులను మరో దారి పట్టించింది. గొర్రె ఏం చేస్తోందని కాక ఎలా చేస్తోందని చూసి, నింపాది, బెదురు, చురుకు, నీరసం వంటి మాటలతో మార్కులు వేసే పద్ధతి ఆమెది. గొర్రెకు లేని భావాలను మనిషి అంటగడుతున్నాడన్న విమర్శ దీనిమీద ఉంది. శిక్షణ పొందిన పరిశీలకుల మధ్య ఏకాభిప్రాయం వస్తున్నందువల్ల దీనికి సంక్షేమ తనిఖీల్లో చోటు దొరికింది. యూరప్ దేశాలు కలిసి నడిపిన ఆవిన్ ప్రాజెక్టు 2015లో విడుదల చేసిన గొర్రెల తనిఖీ విధానంలో ఇదీ ఒక అంశం.

వెన్ను తడిమి చూడటం

కంటి చూపుతో ఆగకూడదని ఆ విధానమే చెబుతుంది. ఉన్ని దట్టంగా ఉన్న గొర్రె ఎంత చిక్కిందో కంటికి తెలియదు. చివరి పక్కటెముక వెనక, నడుము మీద చేయి వేసి, వెన్నుపూసల మొనలు ఎంత పదునుగా తగులుతున్నాయో, వాటి మీద కండ, కొవ్వు ఎంత ఉన్నాయో చూసి మార్కు వేయాలి. టాస్మానియాలో జెఫ్రీస్ 1961లో సూచించిన ఈ పద్ధతిని స్కాట్లండ్‌లో రసెల్, డోనీ, గన్ 1969లో 0 నుంచి 5 వరకు ఉన్న కొలతగా స్థిరపరిచారు. పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. అయితే ఇది గడిచిన కొన్ని వారాల ఆకలిని చెబుతుంది. ఈ రోజు ఆకలిని ప్రవర్తనే చెప్పాలి. రెండూ కలిస్తేనే చిత్రం పూర్తవుతుంది.

తల్లీ పిల్లా

చూడి గొర్రె విషయంలో ఆకలి ఒక ప్రమాదకరమైన మలుపు తిరుగుతుంది. గర్భంలోని పిల్ల బరువులో అధిక భాగం చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. కవల పిల్లలైతే పొట్టలో మేతకు చోటు తగ్గుతుంది, అవసరం మాత్రం రెట్టింపవుతుంది. మేత చాలకపోతే ఒంటి కొవ్వు వేగంగా కరిగి, కీటోన్లు పేరుకుపోయి, చూడి విషం అనదగ్గ స్థితి వస్తుంది. అప్పుడు గొర్రె మేత మానేస్తుంది, మందను విడుస్తుంది, పళ్లు కొరుకుతుంది, చూపు మందగించి తల పైకెత్తి నిలబడుతుంది. తిండి లేక జబ్బుపడ్డ జీవి తిండి ముందు పెట్టినా ముట్టదు. మేత ఆసక్తి ఒక్కటే కొలమానంగా పెట్టుకుంటే, మందలో అందరికన్నా పస్తున్న గొర్రెకు ఆకలి లేదని తేలుతుంది.

చూడి కాలంలో అర్ధాకలితో ఉన్న తల్లి పిల్లను నాకడం తగ్గిస్తుంది, ఈనిన చోటును త్వరగా విడిచి మేతకు వెళ్లిపోతుంది. ఆస్ట్రేలియా మెరీనో గొర్రెల మీద జరిగిన పరిశోధనలు తల్లి ఈనిన చోటనే కనీసం ఆరు గంటలు ఉంటే పిల్లతో బంధం గట్టిపడుతుందని చూపాయి. పుట్టిన పిల్లకు తొలి ఆరు గంటల్లో కిలో బరువుకు సుమారు 50 మిల్లీలీటర్ల ముర్రుపాలు పడాలని పశువైద్యులు చెబుతారు. పాలు తాగిన పిల్ల లేవగానే ఒళ్లు విరుచుకుంటుంది. ఆకలి మీద ఉన్న పిల్ల వీపు గూనిలా వంచి నిలబడుతుంది, దొరికిన ప్రతి తల్లి పొదుగు వెతుక్కుంటూ తన్నులు తింటుంది. కొన్ని గంటల తర్వాత వెతకడం కూడా మానేసి పడుకుంటుంది.

రవాణాలో, ప్రకృతిలో

కొత్త చోటు, కొత్త మేత, వాహనం కుదుపు గొర్రె ఆకలిని చెదరగొడతాయి. ఆస్ట్రేలియా నుంచి పశ్చిమాసియాకు ఓడల్లో వెళ్లే గొర్రెల్లో కొన్ని గుళికల దాణాను అసలు ముట్టవు. ఆ పస్తు, దానికి తోడైన సాల్మొనెల్లా బ్యాక్టీరియా కలిసి ఓడ మీది చావులకు ప్రధాన కారణంగా చాలాకాలం నిలిచాయి. 2028 మే 1 నుంచి సముద్రమార్గాన సజీవ గొర్రెల ఎగుమతిని ఆపేస్తూ ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసింది. యూరప్ నిబంధనలు పెద్ద గొర్రెలకు 14 గంటల ప్రయాణం తర్వాత కనీసం గంట విరామం, నీరు తప్పనిసరి చేశాయి. మన దేశంలో 1978 నాటి పశు రవాణా నియమాలు ఆరు గంటలు మించిన ప్రయాణాలకు మేత, నీటి ఏర్పాటును కోరుతాయి.

మనిషి పెంపకం లేని చోట కూడా ఆకలి ఉంది. స్కాట్లండ్ పశ్చిమాన సెయింట్ కిల్డా దీవుల్లోని హిర్టాలో సోయే గొర్రెలు అడవి జీవుల్లా బతుకుతాయి. 1985 నుంచి వాటి మీద నిరంతర పరిశోధన సాగుతోంది. సంఖ్య బాగా పెరిగిన తర్వాత వచ్చే కఠినమైన శీతాకాలంలో సగానికి పైగా చనిపోయిన ఏళ్లున్నాయి. కారణం పస్తు, దాన్ని ముదిరించే కడుపు పురుగులు. సహజం అయినంత మాత్రాన అది బాధ కాకుండా పోదు.

తెలుగు నేల మీద

2019 పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 7.43 కోట్ల గొర్రెల్లో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. నెల్లూరు, దక్కనీ, మాచర్ల జాతులు ఇక్కడివి. ఉన్ని లేని పొడవాటి నెల్లూరు గొర్రెలో చిక్కిన ఒళ్లు కంటికే తెలుస్తుంది. ముతక ఉన్ని కప్పుకున్న దక్కనీని తడిమి చూడక తప్పదు.

గొల్ల, కురుమ కాపరులు పుస్తకం చూడకుండానే ఈ పరీక్షలన్నీ చేస్తుంటారు. సాయంత్రం మంద దొడ్డికి చేరినప్పుడు ఎడమ డొక్క లేచిందా, లోతుపడిందా అని చూస్తారు. రాత్రి నెమరు చప్పుడు వింటారు. పెంటికలు గుండ్రంగా ఉన్నాయా, జారుగా ఉన్నాయా అని గమనిస్తారు. వేసవిలో తుమ్మకాయలు, వేపాకు, సుబాబుల్ రొట్ట, వేరుశనగ కట్టె, కందిపొట్టు వాటి ప్రాణం నిలబెడతాయి. మెట్ట ప్రాంతాల మందలు కాలువ కింది పల్లెలకు వలస వెళ్లి, కోత అయిన పొలాల్లో మేస్తాయి. రైతులు ఎరువు కోసం చేలో మంద కట్టించుకుంటారు. తొలకరికి ఆకలి మీద ఉన్న జీవాలు లేత పచ్చిక మీద విరుచుకుపడినప్పుడు చిటుకు రోగం విజృంభిస్తుంది. అందుకే టీకా తొలకరికి ముందే పడాలి.

తెలంగాణ ప్రభుత్వం 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ పథకం మొదలుపెట్టింది. జీవాలను పెంచే ప్రతి పథకం వాటి మేతను కూడా అంతే పెంచాలి. బీళ్లు, పోరంబోకులు, చెరువు శిఖాలు ఇళ్ల స్థలాలుగా, కంచెలు వేసిన తోటలుగా మారిపోతుంటే, మంద ఆకలికి కాపరిని దోషిగా నిలబెట్టడం అన్యాయం.

జంతు హింస నివారణ చట్టం, 1960 లోని 11వ సెక్షను పశువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్ని నేరంగా చెబుతుంది. మొదటిసారి చేసిన నేరానికి ఆ చట్టం పెట్టిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకెను సవరించాలి. దానికన్నా ముందు ప్రతి మండలంలోనూ మేత భూమిని గుర్తించి, ఆక్రమణకు గురికాకుండా కాపాడాలి. గొర్రెల వెన్ను తడిమి మార్కు వేయడం ఊరి పశుమిత్రలకు, గోపాలమిత్రలకు ఒక్క పూటలో నేర్పించవచ్చు. పశుసంవర్ధక శాఖ వచ్చే వేసవికి ముందే ఆ పని మొదలుపెట్టాలి.